గ్లేజ్డ్ టైల్స్ మీద పెయింట్ వేయచ్చా? వేస్తే ఎలా నిలబడుతుంది?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్‌లో పాత ఇల్లు కొన్నారు, వంటింట్లో గట్టు పైన రెండడుగుల ఎత్తు దాకా, బాత్రూంలో ఆరడుగుల దాకా పాతకాలం గ్లేజ్డ్ టైల్స్ ఉన్నాయి, మధ్యమధ్యలో ద్రాక్షగుత్తులు, టీ కప్పుల బొమ్మలు. పగలగొట్టి కొత్తవి వేయించడానికి ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాదు. కిటికీ గ్రిల్స్‌కి వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా ఉంది, అదే టైల్స్ మీద వేయచ్చా, దసరాలోపు అయిపోతుందా అని అడిగారు. షాపులో ఒకాయన "ఏం కాదు, రెండు కోటింగులు కొట్టండి" అన్నాడని కూడా రాశారు.

ఆ ఎనామిల్ మాత్రం వేయకండి. వంటింటి టైల్స్ మీద పెయింట్ వేయచ్చు, సరిగ్గా చేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ ఆ డబ్బాతో కాదు, పండగ తొందరలో అసలే కాదు. బాత్రూం సంగతి వేరు, అది తర్వాత చెబుతాను. నేను నల్గొండలో ఇరవై ఏళ్లకు పైగా పెయింటింగ్ పనులు ఒప్పుకొని చేయిస్తున్నాను, అంతకుముందు నేనే బ్రష్ పట్టాను. ఈ టైల్స్ పని చేయమని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, చెడిపోయాక పిలిచేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానికదే అర్థమవుతుంది. గ్లేజు అంటే గాజు. మట్టి బిళ్ల మీద గాజుగా మారే పొడులు కలిపిన ద్రవం పూసి, వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిలో కాలిస్తే అది కరిగి బిళ్ల మీద పొరలా పరుచుకుంటుంది. సున్నం గోడకైనా, సిమెంటు గోడకైనా, లప్పం పెట్టిన గోడకైనా సన్నసన్నటి రంధ్రాలు ఉంటాయి, రంగు వాటిలోకి ఇంకి అక్కడే గట్టిపడుతుంది. గాజుకి రంధ్రాలు లేవు, అది దేన్నీ పీల్చుకోదు. అందుకేగా వంటింట్లో టైల్స్ వేసింది, పోపు చిందినా గుడ్డతో తుడిస్తే పోవాలని. ఏ గుణం కోసం దాన్ని అక్కడ పెట్టారో ఆ గుణమే ఇప్పుడు మనకు అడ్డం వస్తుంది.

2008లో మిర్యాలగూడలో ఒక ఇంట్లో నేను చేసిన పని చెబుతాను. ఇంట్లో శుభకార్యం ఉందని వాళ్లు తొందర పెట్టారు, నేను కూడా సరే అనేశాను. టైల్స్‌ని సర్ఫు నీళ్లతో కడిగించి, ఆరాక తెల్ల ఎనామిల్ రెండు కోటింగులు వేశాం. వేసిన రోజు ఇల్లంతా వెలిగిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే పొయ్యి వెనకాల ఒక అంచు లేచి ఉంది. గోటితో పట్టి లాగితే ఉల్లిపొరలా అరచేయంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని వెనక్కి తిప్పి చూశాను. టైల్ ఎంత నున్నగా ఉందో ఆ పొర వెనకవైపు కూడా అంతే నున్నగా, మెరుస్తూ ఉంది. అంటే ఆ పెయింట్ ఒక్క రోజు కూడా టైల్‌ని పట్టుకోలేదు, ఊరికే పైన పరుచుకొని ఉంది. వాళ్ల డబ్బు వాళ్లకు తిరిగిచ్చి, మూడు రోజులు కూర్చొని అంతా గీకి శుభ్రం చేసి ఇచ్చాం. ఆ ముక్కని చాలాకాలం దగ్గర పెట్టుకున్నాను, కొత్తగా పనిలో చేరిన పిల్లలకు చూపించడానికి.

కొంతమంది టైల్స్ మీద లప్పం పెట్టి, దానిమీద మామూలు గోడ రంగు వేస్తామంటారు. అదీ ఇంతే. గోడకు పెట్టే లప్పం తెల్ల సిమెంటు సరుకు, గాజుని అది కూడా పట్టుకోదు, పైగా బరువు, కాబట్టి ఊడినప్పుడు పెచ్చులు పెచ్చులుగా కూరగిన్నెలో పడుతుంది.

సరే, అసలు పనికొద్దాం. రంగు కొనకముందే ఒక రూపాయి బిళ్ల తీసుకొని ప్రతి టైల్‌నీ మధ్యలో, నాలుగు మూలల్లో తట్టండి. గట్టిగా మోగితే వెనక సిమెంటు నిండుగా ఉన్నట్టు. డొల్లగా మోగితే వెనక ఖాళీ ఉంది. ఒకటి రెండు డొల్లగా ఉంటే వాటిని తీసి మళ్లీ అతికించుకోవచ్చు, సగానికి సగం డొల్లగా ఉంటే పెయింట్ ఆలోచన మానేయండి, ఆ టైల్స్ ఎలాగూ రాలిపోయేవే. అలాగే ఆ గోడ వెనక బాత్రూమో, నీళ్ల ట్యాంకు పైపో ఉందేమో చూడండి. టైల్స్ సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తూ ఉంటే గోడలో చెమ్మ ఉన్నట్టే. చెమ్మ వెనక నుంచి వచ్చి సందుల దగ్గర పెయింట్‌ని బయటికి తోస్తుంది, దానిముందు ఎంత ఖరీదు పెయింట్ అయినా నిలవదు. ముందు ఆ లీకు చూపించుకోండి.

ఇప్పుడు కడగడం. సగం పని ఇక్కడే ఉంది. వంటింటి టైల్ మీద రెండు రకాల మురికి ఉంటుంది, ఒకదానికి వాడేది ఇంకోదానికి పనిచేయదు. ఒకటి జిడ్డు. ఏళ్ల తరబడి పల్లీ నూనె ఆవిరి వేడికి పడిపడి బంకలా, పసుపుపచ్చగా గట్టిపడి ఉంటుంది, మామూలు సబ్బుకి లొంగదు. అరబకెట్ వేడినీళ్లలో రెండు గుప్పెళ్లు బట్టలుతికే సోడా కలిపి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకొని, పాత తువ్వాలు ముంచి టైల్‌కి అంటించి పది నిమిషాలు ఉంచండి. ఆ బంక మెత్తబడుతుంది, అప్పుడు పీచుతో రుద్దితే ముద్దలు ముద్దలుగా వస్తుంది. పొయ్యి దగ్గర, పైన చిమ్నీ లేని చోట ఇది రెండు మూడుసార్లు చేయాలి.

రెండోది నీటి మరక. మన నల్గొండ, పాలమూరు బోరునీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. సింకు వెనక, కుళాయి చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకుంటుందే, చాలామంది దాన్ని ఫ్లోరైడ్ అనుకుంటారు. కాదు. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిపడి కట్టిన పొర. ఫ్లోరైడ్ మరకగా గోడమీద కనిపించదు. ఈ తెల్లపొరకి సోడా పనిచేయదు, పులుపు కావాలి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు రెండు మూడు చెంచాలు లీటరు నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి అంటించండి, సన్నగా నురగ వస్తూ కరుగుతుంది. తెల్ల వెనిగర్ అయినా సరే. సందుల్లో ఉన్న సిమెంటుని కూడా పులుపు తింటుంది కాబట్టి ముందు సందుల్ని మామూలు నీళ్లతో తడిపి ఉంచండి, పదిహేను నిమిషాలకు మించి వదిలేయకండి, తర్వాత బాగా కడగండి.

ఇక్కడే మన ప్రాంతం వాళ్లు తెలియకుండా దెబ్బతినే చోటు ఒకటుంది. ఇంత శుభ్రంగా చేసి చివర్లో అదే బోరునీళ్లతో కడిగి ఆరబెడతారు. నీళ్లు ఆరిపోతాయి, లవణం టైల్ మీద పలచటి పొడిలా మిగులుతుంది, మనం దానిమీద ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పట్టు కోటు, వేస్తాం. ప్రైమర్ పట్టుకున్నది ఆ పొడిని, టైల్‌ని కాదు. అందుకని ఆఖరి కడుగు మిషన్ భగీరథ కుళాయి నీళ్లతోనో, వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లతోనో చేయండి, ఒక్క క్యాను చాలు. గోడమీదే ఆరిపోనివ్వకుండా శుభ్రమైన నూలు గుడ్డతో వెంటనే తుడిచేయండి.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి గోడమీద కొన్ని నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పలచటి పొరలా పరుచుకొని జారితే జిడ్డు లేదు. తామరాకు మీద బొట్లలా ముత్యాలుగా నిలబడితే అక్కడ ఇంకా నూనె ఉంది, మళ్లీ సోడా పట్టించాల్సిందే.

యాసిడ్ గురించి కూడా చెప్పాలి. బాత్రూంలు కడిగే యాసిడ్ పోస్తే టైల్ గరుకుగా అవుతుంది, పెయింట్ పడుతుంది అని ఎవరో చెబుతారు, మేస్త్రీలు కూడా చెబుతారు. అది గాజుని గరుకు చేయలేదు, సందుల్లో సిమెంటుని మాత్రం తినేస్తుంది. నిజంగా గాజుని తినేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దాన్ని ఇంటి గుమ్మం కూడా తొక్కనివ్వకండి, ఒంటిమీద పడితే చర్మం దాటి ఎముక దాకా పోతుంది, ప్రాణానికే ముప్పు. ఇంకో మాట, యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకదాని తర్వాత ఒకటి అయినా సరే ఒకేచోట వాడకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు వేసి ఉన్న చిన్న బాత్రూంలో అది ఊపిరి ఆడనివ్వదు.

సింకు, గట్టు, గోడ కలిసే చోట తెల్లగా సాగే సిలికాన్ పట్టించి ఉంటే బ్లేడుతో పూర్తిగా తీసేయండి. సిలికాన్ మీద ఏ రంగూ పట్టదు, దాని చుట్టూ కూడా చేపకళ్లలా గుండ్రటి ఖాళీలు పడతాయి. రంగు అంతా గట్టిపడ్డాక కొత్త సిలికాన్ వేసుకోవచ్చు.

తర్వాత రుద్దుడు. నేను మా పిల్లల చేతికి వదలకుండా ఇప్పటికీ దగ్గర నిలబడి చేయించే పని ఇది. చెక్కకు వాడే మామూలు ఉప్పు కాగితం గాజుమీద జారిపోతుంది, నల్లటి వాటర్ పేపర్ తీసుకోండి, ముందు 180 నంబరు, తర్వాత 220. చిన్న చెక్కముక్కకి చుట్టుకొని, నీళ్లు చల్లుకుంటూ, గుండ్రంగా రుద్దాలి. మొదట్లో కీచుమంటూ జారుతుంది. నాలుగైదు నిమిషాలకు చప్పుడు మారుతుంది, బరబరమని పట్టుకుంటున్నట్టు చేతికి తెలుస్తుంది, నీళ్లు పాలలా తెల్లగా కారతాయి. తుడిచి చూస్తే మెరుపు పోయి, నోటితో ఆవిరి ఊదిన అద్దంలా మసకగా ఉండాలి. గ్లేజు మొత్తం తీసేయక్కర్లేదు, తీయలేరు కూడా, మెరుపు చంపితే చాలు. అయిందనుకున్నాక లైటు ఆపేసి సెల్‌ఫోన్ టార్చి గోడకి ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ మళ్లీ రుద్దాలి. ఎక్కువగా మిగిలిపోయేది టైల్ అంచులు, మూలలు, ఉబ్బెత్తు బొమ్మల చుట్టూ. పెయింట్ ఊడటం మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే.

తడిగా రుద్దమన్నది కాగితం మిగలడానికి మాత్రమే కాదు. పొడిగా రుద్దితే వచ్చే గాజు, సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మిషన్ వాడితే మంచి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఆ పూట పక్కింట్లో ఉంటే మేలు. మీ వంటిల్లు మీరు రాసిన కొలతల ప్రకారం గట్టు రెండు వైపులా కలిపి ఇరవై అడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు, అంటే 40 చదరపు అడుగులు. ఇద్దరు కూర్చుంటే రుద్దడానికి ఒక పూట దాటి పడుతుంది. ఇది రెండు గంటల్లో అయిపోతుందని చెప్పిన పనివాడికి పని ఇవ్వకండి.

సందుల్లో తెల్ల సిమెంటు రాలిపోయి ఉంటే గీకి కొత్తగా నింపి, పూర్తిగా ఆరనివ్వండి, కనీసం రెండు మూడు రోజులు. పెచ్చు లేచిన చోట ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద నింపి, గట్టిపడ్డాక సమంగా రుద్దండి. చాలా ఇళ్లలో చూశాను, వంటింటి తూర్పు గోడకి వేంకటేశ్వరస్వామి బొమ్మ టైల్ ఒకటి పెట్టించి ఉంటారు. మీ ఇంట్లో ఉంటే ముందే దానికి టేపు వేసి కప్పేయండి. పనిలో పడి దానిమీదా కాగితం ఆడించాక బాధపడి లాభం ఉండదు.

ఇప్పుడు డబ్బాల సంగతి. కావలసింది ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాలుగా వస్తుంది, ఒకటి బేస్, ఒకటి హార్డెనర్. రెండూ కలిస్తేనే రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, అందుకే ఇది ఎనామిల్‌లా పైకి ఆరడం కాదు, లోపలి నుంచి బిగుసుకోవడం. షాపులో అడిగేటప్పుడు "ఎపాక్సీ ఇవ్వండి" అని ఊరుకోకండి, ఆ డబ్బా వివరాల కాగితంలో గ్లేజ్డ్ టైల్ మీద వేయచ్చని రాసి ఉందో లేదో చూసి కొనండి, అన్ని ఎపాక్సీలూ ఒకటి కాదు. పైన వేసే రంగు రెండు రకాలు, ఎపాక్సీ టాప్ కోటు లేదా రెండు డబ్బాల పాలియురెథేన్, మన షాపుల్లో పీయూ అంటారు. ఎపాక్సీ గట్టిది, కానీ ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది, పొడిబారుతుంది. మీ వంటింటికి కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా గట్టుమీద పడుతుందని రాశారు కాబట్టి ప్రైమర్ ఎపాక్సీ, పైన పీయూ వేయించండి. మల్లెపూవు తెలుపు వద్దు, మీగడ రంగో, లేత బూడిద రంగో తీసుకోండి.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే పదార్థం ఉంటుంది, అది ఉబ్బసం ఉన్నవాళ్లకు చాలా ప్రమాదం, లేనివాళ్లకు కూడా తెప్పించగలదు. అందుకని ఇంట్లో స్ప్రే గన్‌తో మాత్రం కొట్టించకండి, రోలర్‌తోనే వేయించండి, కిటికీలు తీసి ఉంచండి, ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు పెట్టుకోవాలి. మామూలు గుడ్డ మాస్కు దుమ్ముకే, వాసనకి కాదు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే పీయూ మానేసి, ఎపాక్సీతోనే ఆపండి, పసుపు తిరిగినా ఫరవాలేదు. పెయింట్‌ని పలుచన చేసే తిన్నర్‌కి నిప్పు త్వరగా అంటుకుంటుంది, కాబట్టి గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌ని, పొయ్యిని బయట వరండాలో పెట్టేయండి. వారం దాకా వంట అక్కడే. దేవుడి దీపం కూడా ఆ గదికి దూరంగా.

కలిపే కొలత డబ్బామీద రాసి ఉంటుంది, మూడుకొకటో, నాలుగుకొకటో, ఒక్కో కంపెనీది ఒక్కోలా. కంటి అంచనా పనికిరాదు, గీతలున్న గ్లాసుతో కొలవాలి. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తారు, అది తప్పు, కొలత తప్పితే ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది. పలుచన చేయడానికి కూడా ఆ పెయింట్‌కి చెప్పిన తిన్నరే వాడాలి, టర్పెంటైన్ కాదు.

కలిపాక ఎంతసేపు వాడచ్చో కూడా డబ్బామీద ఉంటుంది, కానీ ఆ లెక్క సాధారణంగా 25 డిగ్రీల దగ్గర. ఉజ్జాయింపుగా పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం సగమవుతుంది. నాలుగు గంటలని రాసి ఉంటే 35 డిగ్రీల్లో రెండు గంటలే. ఏప్రిల్‌లో నల్గొండ ప్రకాశం బజార్ వైపు ఒక ఇంట్లో మా కుర్రాడు డబ్బా మొత్తం ఒకేసారి కలిపి, భోజనానికి వెళ్లొచ్చాడు. వచ్చేసరికి డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది, పైనుంచి సన్నగా పొగ వస్తోంది. కాసేపటికి లోపల రాయిలా బిగిసి, కలిపే కర్ర అందులోనే నిలబడిపోయింది. ఆ డబ్బు నాకే పోయింది, కానీ అదే ఇంట్లో చెత్త కాగితాల పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదో. కాబట్టి ఒక కోటింగుకి ఎంత కావాలో అంతే కలపండి, వెడల్పాటి ట్రేలో పోసుకోండి, లోతు డబ్బాలో ఉంచితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది.

సరుకు లెక్క సులువే. నున్నటి గోడమీద లీటరుకి ఇంచుమించు వంద చదరపు అడుగులు ఒక కోటింగు వస్తుంది. మీ 40 అడుగులకి ప్రైమర్ అరలీటరు, పై రంగు రెండు కోటింగులకి లీటరు సరిపోతుంది. నాలుగు లీటర్ల ప్యాకు అంటగడితే తీసుకోకండి.

వేసేటప్పుడు ముందు చిన్న బ్రష్‌తో సందుల్లో, మూలల్లో తిప్పి, వెంటనే నాలుగంగుళాల సన్న ఫోమ్ రోలర్‌తో పలచగా వేయండి. రోలర్‌ని గబగబా తిప్పితే బుడగలొస్తాయి, నెమ్మదిగా, చివర ఒకే దిక్కుకి లాగాలి. ప్రైమర్ పలచగా ఉండి వెనక ద్రాక్షగుత్తి లీలగా కనిపిస్తే కంగారుపడి మందంగా పూయకండి, రెండు కోటింగుల్లో మాసిపోతుంది. కోటింగుకి కోటింగుకి మధ్య ఎంత ఆగాలో దానికీ కింద, పైన హద్దులుంటాయి. మరీ ముందే వేస్తే కింది పొర ముడతలు పడుతుంది, మరీ రోజులు దాటితే పైది పట్టదు, మళ్లీ తేలిగ్గా రుద్దాల్సి వస్తుంది. టేపుని చివరి కోటింగు తడి ఆరకముందే లాగేయండి, గట్టిపడ్డాక లాగితే అంచు వెంట పెయింట్ కూడా వస్తుంది.

ముట్టుకుంటే అంటుకోకపోవడం వేరు, పూర్తిగా బిగియడం వేరు. మరుసటి రోజుకే గట్టిగా అనిపిస్తుంది, కానీ ఏడు రోజులు దాని జోలికి పోకండి, నీళ్లు చల్లకండి, ఆవిరి తగలనివ్వకండి. ఈ వారంలో ఇంకో శత్రువు పసుపు. సరిగ్గా బిగియని లేత రంగుమీద పసుపు చెయ్యి పడితే మరక లోపలికి పోతుంది. తర్వాత ఎప్పుడైనా పడితే వెంటనే తుడవండి, ఎండ తగిలే చోట అయితే మిగిలిన మరక కొన్నాళ్లకు దానికదే వెలిసిపోతుంది, పసుపు గుణమే అంత.

దసరా గురించి. ఇప్పుడే వినాయక చవితి వెళ్లింది, ముసురు పట్టి ఉంది, గోడలన్నీ చెమ్మగా ఉన్నాయి. తేమలో పీయూకి బుడగలు పడతాయి, ఎపాక్సీ పైన తెల్లటి పొర కడుతుంది. అదీకాక బతుకమ్మ రోజుల్లో నైవేద్యాలు, చివరి రోజు సద్దులు చేయాలి, చుట్టాలొస్తారు, వారంపాటు వంటిల్లు మూసుకోవడం కుదిరే పని కాదు. పండక్కి టైల్స్‌ని నేను చెప్పినట్టు సోడాతో, నిమ్మ ఉప్పుతో కడిగి, సందుల్లో కొత్త తెల్ల సిమెంటు నింపుకోండి. సగం మంది అక్కడే ఆగిపోతారు, పాత టైల్స్ అంత బాగుంటాయి. అయినా మార్చాలనిపిస్తే దీపావళి దాటాక, కార్తీకంలో మొదలుపెట్టండి. అప్పటినుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ లేదు. 43, 44 డిగ్రీల వేసవిలో మాత్రం వద్దు.

పొయ్యికి ఆనుకొని ఉన్న గోడ దగ్గర ఇంకో జాగ్రత్త. మీ గట్టు సన్నది కాబట్టి పెద్ద గిన్నె పెడితే మంట గిన్నె అంచు దాటి గోడకి తగులుతుంది. ఆ వేడికి ఏ పెయింట్ అయినా మెత్తబడుతుంది, నల్లబడుతుంది. బర్నర్ల వెనక రెండడుగుల మేర రంగుమీద ఒక స్టీలు రేకో, గట్టి టెంపర్డ్ గ్లాసో, గోడకి కొంచెం ఎడంగా బిగించుకోండి. టైల్ స్టిక్కర్లు మాత్రం పొయ్యి వెనక అంటించకండి, ప్లాస్టిక్ నిప్పుకి అందుకుంటుంది.

ఇక బాత్రూం. స్నానం చేసేచోట, రోజూ నీళ్లు పడే గోడకి నేను పెయింట్ ఒప్పుకోవడం మానేశాను. గాజుమీద నుంచి కాదు, సందుల్లోంచి నీళ్లు పెయింట్ వెనక్కి చేరతాయి, వేడినీళ్ల ఆవిరికి ఆ పొర బుడగలెత్తుతుంది, బాగా చేసినా రెండు మూడేళ్లకి మూలల్లో మొదలవుతుంది. నేలమీద అసలే వద్దు, జారుతుంది, అరుగుతుంది. వాష్ బేసిన్ వైపు పొడిగా ఉండే గోడకి కావాలంటే వేసుకోండి. స్నానం వైపు సందుల్లో పాత సిమెంటు తీసి, ఎపాక్సీ గ్రౌట్ అనే సందులు నింపే ముద్ద పెట్టిస్తే నల్లమరకలు పోతాయి, చూడ్డానికే కొత్తగా ఉంటుంది. డబ్బు సమకూరాక టైల్స్ పగలగొట్టకుండా వాటిమీదే కొత్త టైల్స్ అతికించే జిగురులు ఉన్నాయి, కింద టైల్స్ గట్టిగా ఉంటే ఆ పద్ధతి మంచిది. గోడ అరంగుళం పైనే ముందుకొస్తుంది, కుళాయిలు, స్విచ్ బోర్డులు ఆ మేరకు సరిచేయించుకోవాలి.

వాడుకలో పెట్టాక యాసిడ్, స్టీలు పీచు దగ్గరికి రానివ్వకండి, మెత్తటి గుడ్డ, పలచటి సబ్బునీళ్లు చాలు. గోడకి అంటించే కొక్కేలు పెట్టకండి, వాటిని తీసిన రోజు పెయింట్‌తో సహా వస్తాయి.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ వెనక కనపడని చోట ఒక్క టైల్ తీసుకొని, కడగడం నుంచి ఆఖరి కోటింగు దాకా ఇదంతా దానిమీద చేయండి. ఏడు రోజులయ్యాక ఒక రోజంతా తడిగుడ్డ అంటించి ఉంచి, తీసి ఆరనివ్వండి. తర్వాత కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఆరు గీతలు నిలువుగా, ఆరు అడ్డంగా టైల్ తగిలే దాకా గీయండి. దానిమీద గట్టి టేపు అంటించి, గోటితో బాగా అదిమి, ఒక్కసారిగా లాగండి. ఆ చిన్న గళ్లు గోడమీదే ఉంటే మీ చేతిపని బాగుంది, ధైర్యంగా మిగతాది మొదలుపెట్టండి. ఒకటి రెండు అంచుల్లో చిట్లితే ఫరవాలేదు. గళ్లకు గళ్లు టేపుతో వస్తే టేపు జిగురువైపు, టైల్ రెండూ దగ్గరగా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. టైల్ మెరుస్తూ కనిపిస్తే రుద్దడం తక్కువైంది, మసకగానే ఉండి పెయింట్ వచ్చిందంటే జిడ్డో, లవణమో మిగిలింది. ఫోటో చూస్తే ఏదో నేను చెప్పగలను. ఆ టైల్ సంగతి తేలేదాకా మిగతా గోడకి సరుకు కొనకండి.